జ్వరమని రాయను

డిగ్రీ అయిపోయిన ఏడాది మా బజారులో నా గురించి ఒకటే మాట నడిచింది. "బీఏ చదివి గుమాస్తా అయితదట." చెప్పేవాళ్ళు నవ్వు ఆపుకుంటూ చెప్పేవారు, వినేవాళ్ళు ఆపుకునేవారు కారు. నేను దుకాణం ముందు నుంచి నడిచి వెళ్తుంటే కావాలని నాకు వినపడేటట్టు అనేవారు. నేనూ కావాలని మెల్లగా నడిచేదాన్ని.

మాది వరంగల్‌లో కిరాణా దుకాణం. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి సరుకులకు వచ్చేవాళ్ళు చాలామంది బాపుకు పాత ఖాతాదార్లు. ఆ ఇంట్లో కాలేజీకి పోయే ఆడపిల్ల ఉందని తెలిసిన దగ్గర్నుంచి వాళ్ళు బెల్లం, ఉప్పుతో పాటు కోర్టు కాయితాలు కూడా తెచ్చేవారు. "జర చదివి చెప్పు బిడ్డా" అని చేతిలో పెట్టేవారు. అవన్నీ ఇంగ్లీషులో ఉండేవి. ప్రతి మాటా చదవగలిగేదాన్ని, ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఎదుట నిలబడ్డ మనిషి నా నోటి వంక చూస్తుంటే నాకు సిగ్గేసేది, తర్వాత ఒళ్ళు మండేది. తన పొలం ఉంటుందో పోతుందో తెలుసుకోవడానికి ఒక మనిషి కిరాణా దుకాణానికి రావడం ఏమిటి? వచ్చినా సమాధానం దొరకకపోవడం ఏమిటి?

అందుకే హనుమకొండలో ఒక కాలేజీ వాళ్ళు డిగ్రీ అయినవాళ్ళకు సాయంత్రం పూట ఏడాది సర్టిఫికెట్ కోర్సు పెట్టారని వినగానే వెళ్ళి చేరాను. వకీళ్ళ ఆఫీసుల్లో సహాయకులుగా పనిచేయడానికి కావలసిన చదువు అది. దావా ఎలా రాయాలి, కోర్టు ఫీజు స్టాంపు ఎంత అంటించాలి, నకలుకు ఎక్కడ దరఖాస్తు పెట్టాలి, ఏ కాయితం ఏ గదిలోకి పోతుంది, వీటితో పాటు టైపు. ఇప్పుడు దీనికి పారాలీగల్ అని దొరతనపు పేరు ఉంది. అప్పుడు మాకు తెలిసింది వకీలు గుమాస్తా అనే మాటే, అది కూడా మగవాళ్ళకే.

ఇంట్లో సంగతి చెప్పనక్కర్లేదు. వ్యాపారస్తుల ఇళ్ళల్లో తగాదా వస్తే పెద్దమనుషుల దగ్గర కూర్చుని తెంపుకోవాలి గానీ కోర్టుకు పోవడం అంటే పరువు బజార్లో పెట్టుకోవడమే. బాపు ఆ మాట నేరుగా నాతో అనలేదు, అమ్మతో నాకు వినపడేలా అన్నాడు. అన్నయ్య మాత్రం మొహం మీదే అన్నాడు, ఆ బీడీలు తాగే గుమాస్తాల నడుమ నువ్వేం చేస్తావని. వాళ్ళేం చేస్తారో అదే చేస్తానన్నాను. అమ్మకు ఒక్కటే దిగులు. సంబంధం వాళ్ళు వచ్చి పిల్ల ఏం చదివిందని అడిగితే ఏం చెప్పాలి? చదివిందే చెప్పమన్నాను. ఫీజు కోసం ఎవరి ముందూ చేయి చాపలేదు, పక్కిళ్ళ పిల్లలకు చదువు చెప్పి కట్టుకున్నాను. అది కూడా వాళ్ళకు తప్పుగానే కనపడింది.

క్లాసులో నేనొక్కదాన్నే ఆడపిల్లని. ముందు బెంచీ మొత్తం నాకే వదిలేశారు, అంటురోగం ఉన్నదానికి వదిలినట్టు. హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. పాఠం చెప్పే పెద్దాయన కోర్టులో శిరస్తాదారుగా చేసి రిటైరైనవాడు. మంచి మాస్టారు. ప్రశ్న అడిగి నా బెంచీ మీదుగా వెనక్కి చూసేవాడు. నేను చేయి ఎత్తకుండానే జవాబు చెప్పేదాన్ని. కొన్నాళ్ళకు ఆయనే దారికొచ్చాడు.

చిక్కంతా ప్రాక్టికల్ దగ్గర వచ్చింది. ఎవరైనా వకీలు ఆఫీసులో ఆరు నెలలు పనిచేసినట్టు ఆయన సంతకం తెస్తేనే పరీక్షకు కూర్చోనిస్తారు. మగపిల్లలకు అది లెక్కే కాదు. తెలిసిన వకీలు దగ్గరికి ఒకసారి వెళ్ళి నమస్కారం పెట్టి సంతకం తెచ్చుకున్నారు. నేను హనుమకొండలో వకీళ్ళ ఇళ్ళ గేట్లన్నీ తట్టాను. ఒకాయన మీ బాపును తీసుకురా అన్నాడు. ఒకాయన నా ఆఫీసుకు ముసలి ముతకా వస్తారు, బాగుండదమ్మా అన్నాడు. ముసలి ముతకా వస్తే ఎందుకు బాగుండదో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఇంకొకాయన, నువ్వు కూర్చుంటే కేసులకొచ్చే పార్టీలు ఫైలు చూస్తారా నిన్ను చూస్తారా అని పెద్ద జోకు వేసినట్టు నవ్వాడు. మీ పార్టీలకు మీ మీద అంత గురి లేదా అని అడిగి వచ్చేశాను.

చివరికి ఒక పెద్ద వకీలు నా మాట పూర్తిగా విన్నాడు. సివిల్ కేసుల్లో పేరున్న మనిషి, నెమ్మదస్తుడు. అంతా విని నా చేతిలో కాయితం తీసుకుని పెన్ను మూత తీశాడు.

"ఆరు నెలల సంతకాలు ఇప్పుడే పెడ్త బిడ్డా. నువ్వేం రానక్కర్లేదు. ఇంటికాడ్నే ఉండి పరీక్ష రాసుకో, ఏం ఫికర్ వెట్టుకోకు."

ఆయన దయగానే అన్నాడు. ఆ దయే నాకు కారం రాసినట్టయింది. అంతకుముందు తిప్పి పంపినవాళ్ళ మీద కూడా అంత కోపం రాలేదు. కాయితం వెనక్కి లాక్కున్నాను.

"సంతకం వద్దు సార్. పని కావాలె."

లోపలి గదిలో ఆయన భార్య పక్కున నవ్వింది. ఆమెను తర్వాత నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఆ నవ్వు వల్లనో ఏమో ఆయన ఒక ఒప్పందం చెప్పాడు. ముందు గదిలో పార్టీలు, గుమాస్తా ఉంటారు కాబట్టి నేను తెర వెనక లోపలి గదిలో కూర్చుని పనిచేయాలి. కోర్టుకు మాత్రం రాకూడదు. ముందు గుమ్మం దాటనివ్వండి, తర్వాత సంగతి తర్వాత చూద్దామని మనసులో అనుకుని సరేనన్నాను.

అట్లా నేను తెర చాటు గుమాస్తానయ్యాను. ఆ ఆఫీసులో ఎన్నో ఏళ్ళుగా ఉన్న ముసలి గుమాస్తా ఒకాయన ఉండేవాడు. నేను కాకా అనేదాన్ని. ఆయన తెర కింది నుంచి చేయి మాత్రం లోపలికి పెట్టి చిత్తు కాయితాలు ఇచ్చేవాడు, నేను టైపు కొట్టి అదే చేతిలో పెట్టేదాన్ని. చాలా రోజులు ఆ కాకా నాకు మోచేతి దాకానే తెలుసు.

కానీ తెర వెనక నాకొక లాభం కలిగింది. ఆడ పార్టీలు వస్తే వకీలు సారుతో రెండు మాటలు మాట్లాడాక "లోపలికి పోయి మంచినీళ్ళు తాగమ్మా" అని పంపేవారు. ముందు గదిలో తల వంచుకుని ఊఁ ఊఁ అన్న ఆడవాళ్ళు లోపలికి వచ్చి కూర్చోగానే అసలు కథంతా చెప్పేవారు. ఎవరు ఎప్పుడు కొట్టారో, ఏ గట్టు ఎప్పుడు జరిపారో, సంతకం అని చెప్పి దేని మీద వేలిముద్ర వేయించుకున్నారో. అవేవీ మా ఫైళ్ళలో ఉండేవి కావు. నేను రాసి తెర కింది నుంచి బయటికి పంపేదాన్ని. కొన్ని దావాలో చేరేవి, కొన్ని కాకా జేబులోనే ఉండిపోయేవి.

అట్లా లోపలికి వచ్చినవాళ్ళలో కేసముద్రం అవతలి ఊరి ఆడమనిషి ఒకామె ఉండేది. భర్త పోయాక ఆమె వాటా భూమిని మరిది దున్నుకుంటున్నాడు. పిల్లల్లేరు, పుట్టింటివైపు ఎవరూ మిగల్లేదు. ఆ వాటా కోసమే దావా వేసింది. కూలికి పోతూ కోర్టుకు తిరిగేది.

ఒకరోజు మధ్యాహ్నం ముందు గదిలో కాకా గొంతు పెద్దగా వినపడింది. ఆ పొద్దునే ఆమె సాక్ష్యం చెప్పాల్సిన వాయిదా ఉండింది. వకీలు సారు పై కోర్టులో ఇంకో కేసులో ఉన్నాడు. కాకా నకళ్ళ సెక్షన్‌లో ఉన్నాడు. ఇక్కడ మున్సిఫ్ కోర్టు గుమ్మంలో బంట్రోతు నిలబడి ఆమె పేరు పిలిచాడు. పలికినవాళ్ళు లేరు. వాది గైరుహాజరని దావా కొట్టేశారు. ఇన్నాళ్ళ తిరుగుడు గంగలో కలిసింది.

"యాడికి పోయినవమ్మా? గొంతు పోయేటట్టు పిలిచిన్రు గద" అంటున్నాడు కాకా.

"యాడికి పోలే సారు. పొద్దుగాల సంది ఆడ్నే ఉన్న."

ఉన్నదానివి ఎందుకు పలకలేదని ఆయన, ఉన్నానని ఆమె. ఇద్దరూ అదే మాట తిప్పి తిప్పి అంటున్నారు. అక్కడ అంటే ఎక్కడ అని ఒక్కరూ అడగలేదు. ఆమెను లోపలికి మంచినీళ్ళకు పంపాక నేను అడిగాను. కోర్టు వెనకాల, గోడ నీడకు, ఆడోళ్ళు కూర్చునే దగ్గర అంది. ముందు వరండా నిండా మగవాళ్ళు, అక్కడ ఎట్లా కూర్చుంటానని నన్నే అడిగింది.

కొట్టేసిన దావాను మళ్ళీ నిలబెట్టమని పిటిషన్ వేయవచ్చు. ఎందుకు రాలేకపోయిందో ప్రమాణం చేసి అఫిడవిట్ ఇవ్వాలి. కాకాకు అది వెన్నతో పెట్టిన విద్య. తెర కింద చేయి పెట్టి పాత అఫిడవిట్ ఒకటి ఇచ్చి, పేరు మార్చి కొట్టు అన్నాడు. చదివాను. వాయిదా నాడు నాకు తీవ్రమైన జ్వరం వచ్చినందున అని ఉంది. అప్పటికే అలాంటివి నా చేత్తో చాలా కొట్టాను. మా ఆఫీసు పార్టీలకు వాయిదా రోజునే జ్వరం వచ్చేది. పక్కనే డాక్టరు చీటీ కూడా ఉండేది. అన్ని ఆఫీసుల్లోనూ అదే జ్వరం. జడ్జీలకు తెలుసు, వకీళ్ళకు తెలుసు, ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు.

కానీ ఈమె నా ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పొద్దున్నే ప్యాసింజరు దిగి, కోర్టు తలుపులు తీయకముందే వచ్చి కూర్చుంది. ఆ వచ్చిన మనిషి చేత రాలేదని ప్రమాణం చేయించమంటున్నారు. కాయితం తెర కింది నుంచి వెనక్కి తోశాను.

"ఈమెకు జ్వరం రాలే కాకా."

"రాలేదని నాకెరికే. రాయి."

"రాయను."

మొదటిసారి తెర పక్కకు జరిగింది. కాకా మొహం మొత్తం చూశాను. వకీలు సారు కూడా వచ్చాడు. నేను లేచి నిలబడే చెప్పాను. మరిది ఆ రోజు ఆమె వచ్చిన ప్యాసింజర్లోనే దిగాడట, కోర్టు గేటు దాకా వెనకాలే నడిచాడట. జ్వరమని రాస్తే వాళ్ళ వకీలు ఒక్క ప్రశ్నతో పడగొడతాడు, అప్పుడు ఈ పిటిషన్ కూడా పోతుంది. వకీలు సారు గడ్డం రుద్దుకున్నాడు. జ్వరం అందరికీ వస్తుంది కాబట్టి జడ్జీలు నమ్ముతారు, వచ్చి కూర్చుని కూడా పలకలేదంటే ఎవరు నమ్ముతారు అన్నాడు. అయితే ఆమె కూర్చున్న చోటు చూసి వస్తానన్నాను. కోర్టుకు రాకూడదన్న ఒప్పందం గుర్తు చేశాడు. కాకా పోయి ఆడవాళ్ళ మధ్య కూర్చుంటే వాళ్ళు ఊరుకుంటారా అని అడిగాను. పెద్దమ్మ లోపలి నుంచి మళ్ళీ నవ్వింది.

మర్నాడు కోర్టు వెనకాల ఆ గోడ నీడకు వెళ్ళి కూర్చున్నాను. స్టేషన్ ఘన్‌పూర్ వాళ్ళు, పాలకుర్తి వాళ్ళు, ఎక్కడెక్కడి ఆడవాళ్ళో ఉన్నారు. చంటిపిల్లలకు పాలిస్తున్నారు, మూటలు విప్పి తింటున్నారు. మధ్యాహ్నం కోర్టు లేచేదాకా చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. ఒక్క పిలుపు వినపడలేదు. నడుమ రికార్డు గది గోడలున్నాయి, ముందేమో రోడ్డు, వరండాలో టైపు మిషన్ల మోత. మరి వీళ్ళకెట్లా తెలుస్తుంది? వాళ్ళనే అడిగాను. కొడుకో, తమ్ముడో, మామో ముందు నిలబడి పిలుపు విని పరిగెత్తుకొచ్చి చెప్తాడట. అందరికీ ఎవరో ఒకరు ఉంటారట. మా పార్టీకి ఆ ఇంట్లో మిగిలిన మగాడు ఒక్కడే. వాడు ప్రతివాది.

అది తెలిశాక నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఏడుపు కాదు, పట్టరాని కోపం. అదే కోపంతో వచ్చి సారుకు అంతా చెప్పి అఫిడవిట్ కొట్టాను. వచ్చాను, ఫలానా చోట కూర్చున్నాను, పిలుపు అక్కడికి వినపడదు, విని చెప్పే మనిషి నాకు లేడు. సాయంత్రానికి రమ్మని చెప్పిన ఆమెకు తెలుగులో చదివి వినిపిస్తే "గంతే గద జరిగింది" అని వేలిముద్ర వేసింది.

నేను ఇంటికి చేరేలోపు నేను కోర్టులో కూర్చున్న సంగతి బజారు చేరింది. బాపు అన్నం ముందు కూర్చుని, రేపటి నుంచి పోవద్దన్నాడు. ఒక మంచి సంబంధం మాటల్లో ఉందట, ఇట్లాంటివి వాళ్ళ చెవిన పడితే అంతేనట. పోతానన్నాను. బాపు కంచంలో చేయి కడుక్కున్నాడు. ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. నాకు చాలా కష్టంగా ఉండేది, చిన్నప్పటి నుంచి బాపు కూచిని నేను. అయినా పొద్దున్నే తల దువ్వుకుని బయల్దేరేదాన్ని. అమ్మ టిఫిన్ డబ్బా చేతికిచ్చేది.

పిటిషన్ విచారణ రోజు సారును అడగలేదు, వెళ్ళి గుమాస్తాల బెంచీ చివర కూర్చున్నాను. మిగతావాళ్ళు జరిగారు. అప్పటికి నాకు బెంచీలు ఖాళీ చేయించడం అలవాటే. మున్సిఫ్ గారు అఫిడవిట్ రెండుసార్లు చదివాడు. అవతలి వకీలు లేచి, ఇది కొత్త కథ, వచ్చిన మనిషికి పిలుపు వినపడకపోవడమేమిటి అన్నాడు. మున్సిఫ్ గారికీ అదే అనుమానం వచ్చింది. కోర్టు వెనకాల ఆడవాళ్ళు కూర్చుంటారా, నాకు తెలియదే అన్నాడు. మా సారు కాకా వంక చూశాడు. కాకా నేల వంక చూశాడు.

నేను లేచి నిలబడ్డాను.

"కూర్చుంటరు సార్. నేను పోయి చూసిన."

కోర్టు హాలు మొత్తం వెనక్కి తిరిగింది. నువ్వెవరని అడిగాడాయన. విద్యార్థినని చెప్పి తప్పించుకోవచ్చు. చెప్పబుద్ధి కాలేదు.

"వారి గుమాస్తాను సార్."

బెంచీ మీద ఎవరో కిసుక్కున నవ్వారు. మున్సిఫ్ గారు మా సారు వైపు తిరిగి, మీ గుమాస్తానా అని అడిగాడు. మా సారు చెవులు ఎర్రబడ్డాయి. కాదంటే నా ఆరు నెలలూ తెర వెనకే ఉండిపోతాయి.

"అవును సార్. నా గుమాస్తానే" అన్నాడు.

అప్పుడు నేను చూసింది చెప్పాను. మున్సిఫ్ గారు విని, గుమ్మంలో నిలబడ్డ బంట్రోతును పిలిచి, ఎప్పుడైనా వెనక వైపు పోయి పిలిచావా అని అడిగాడు. ఆ మనిషికి ప్రశ్నే వింతగా తోచింది.

"ఎనుకకు ఎందుకు పోత సార్? ఆడ ఆడోళ్ళుంటరు గద."

అవతలి వకీలు కూర్చున్నాడు. దావా మళ్ళీ నిలబడింది, సాక్ష్యానికి కొత్త వాయిదా పడింది. బయటికి వచ్చాక కేసముద్రం ఆమె నా చేయి పట్టుకుని, వచ్చే వాయిదాకు నువ్వు రావాలె బిడ్డా, సారు రాకున్నా నడుస్తది అంది. పక్కనే ఉన్న సారు గట్టిగా దగ్గాడు. వస్తానని మాటిచ్చాను. ఆ సాయంత్రం ఆయన నా టైపు మిషన్‌ను ముందు గదిలో కాకా బల్ల పక్కన పెట్టించాడు. కాకా కొంచెంసేపు గొణిగి తన కుర్చీ జరిపాడు.

ఇంటికి వచ్చేసరికి దుకాణంలో జనం పలచగా ఉన్నారు. అన్నయ్య సంతోషంగా ఉన్నాడు. సంబంధం వాళ్ళు పిల్లను చూడటానికి వస్తామని కబురు పెట్టారట. ఏ రోజని అడిగాను. సరిగ్గా ఆ వాయిదా రోజే.

"ఆ దినం నేనుండ. నాకు కోర్టున్నది" అన్నాను.

అన్నయ్య గొంతు లేచింది. బజారు వింటుందన్న ధ్యాస కూడా లేదు. నేను గుమ్మంలోనే నిలబడ్డాను, ఎంత అరిచినా ఆ రోజు ఇంట్లో కూర్చునేది లేదని చెప్పాను. బాపు పప్పు తూస్తూ అంతా విన్నాడు. ఎన్ని రోజుల తర్వాతో నా వైపు తలెత్తి, నువ్వు పోకుంటే ఏమైతది అని అడిగాడు. చెప్పాను. ఒకామె పేరు పిలుస్తారు, ఆమెకు వినపడదు, పిలిచారని వెళ్ళి చెప్పడానికి నేను తప్ప ఎవరూ లేరు. ఈసారి పోతే ఆ భూమి పోయినట్టే.

బాపు పొట్లం కట్టి గిరాకీ చేతికిచ్చి పంపాడు. తర్వాత అన్నయ్య వైపు తిరిగాడు.

"వాళ్ళను ఇంకో దినం రమ్మని చెప్పు. ఎందుకంటే, ఉన్నదే చెప్పు. పిల్లకు ఆ దినం కోర్టున్నదని చెప్పు."